మూడు వైపులా నీళ్లు, ఎండాకాలం రెండు రాత్రులు: లక్నవరం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హన్మకొండ. ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులు ఇవ్వగానే చుట్టాల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఊటీ, అరకు పోయేంత టైం లేదు, పైసలూ లేవు, దగ్గర్లో రెండు రోజులు ఎక్కడ ఉండొచ్చు?" అని. ఏటా చెప్పే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఇవన్నీ లక్నవరం చెరువు చుట్టూ తిరుగుతాయి. మాకు వానాకాలం కంటే ఎండాకాలంలోనే ఆ చెరువుతో ఎక్కువ అనుబంధం.

మే నెలలో చెరువు ఒడ్డున చల్లగా ఉంటుందా?

ఉండదు. ములుగు జిల్లాలోనూ మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు దాటుతుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న మాట అక్కడికీ వర్తిస్తుంది. కొండ మీది ఊళ్లలో దొరికే చల్లదనం కోసం వెళ్తే నిరాశ పడతారు.

కానీ తేడా ఉంది. మన ఇళ్లలో పగలంతా కాగిన సిమెంటు స్లాబు రాత్రి పదకొండైనా సెగలు కక్కుతూనే ఉంటుంది. చెరువు దగ్గర చుట్టూ అడవి, మధ్యలో నీళ్లు. పొద్దు గుంకిన తర్వాత నీళ్ల మీద నుంచి గాలి తిరుగుతుంది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి పడుకునేదాకా, అంటే రోజుకు ఏడెనిమిది గంటలు హాయిగా బయట ఉండొచ్చు. ఆ గంటల కోసమే వెళ్లాలి. మిగతా పగలు గదిలో ఫ్యాన్ కింద పడుకోవడానికి ముందే సిద్ధపడాలి.

లక్నవరమే ఎందుకు?

వరంగల్ నుంచి 70 కిలోమీటర్లు. ములుగు మీదుగా, గోవిందరావుపేట దగ్గర చల్వాయిలో కుడికి తిరిగి బుస్సాపూర్ వెళ్తే చెరువు. పొద్దున బయల్దేరితే రెండు గంటల లోపే చేరుకుంటాం.

ఇది దానంతటది పుట్టిన సరస్సు కాదు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, గుట్టల మధ్య ఉన్న ఇరుకు సందులకు కట్టలు పోసి నీళ్లు ఆపారు. మిగతా గట్టు పని గుట్టలే చేశాయి. లోయ నిండినప్పుడు మునగకుండా మిగిలిన గుట్ట కొసలే ఇప్పుడు మనం చూసే దీవులు. మొత్తం 13 అని లెక్క. నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేలలు కూడా అలా మిగిలినవే. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు అడవి. బడిలో ద్వీపకల్పం అంటే అట్లాసులో దక్షిణ భారతాన్ని చూపిస్తారు. మా అమ్మాయికి ఆ మాట అర్థమైంది మాత్రం ఇక్కడ, అలాంటి ఒక నేల కొస మీద నిలబడి మూడు దిక్కులా చెయ్యి చూపించినప్పుడు.

ఉండటానికి రాష్ట్ర పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది. వేలాడే వంతెనల మీదుగా దీవుల్లోకి నడిచి వెళ్లొచ్చు. సెలవుల్లో శని, ఆదివారాలు గదులు దొరకడం కష్టం. మంగళ, బుధవారాలు చూసుకుని ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోండి. జనం తక్కువగా ఉంటారు, చెరువు చప్పుడు వినిపిస్తుంది.

ఎండాకాలంలో నీళ్లు తగ్గిపోవా?

తగ్గుతాయి. అది పొలాలకు నీళ్లిచ్చే చెరువు, మనం చూడటానికి నింపి పెట్టింది కాదు. యాసంగి వరికి తూముల నుంచి నీళ్లు వదులుతారు కాబట్టి కోతలు అయ్యేసరికి మట్టం దిగుతుంది. ఒడ్డు చుట్టూ ఎర్రమట్టి పట్టీ ఒకటి బయటపడుతుంది. దాని మీద నీటిమట్టం దిగిన గీతలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.

చాలామంది దీన్ని చూసి "వానాకాలం రావాల్సింది" అంటారు. నాకు అలా అనిపించదు. నీళ్లు దిగినప్పుడే చెరువు ఎలా కట్టారో కనిపిస్తుంది. కట్ట లోపలి వైపు పేర్చిన రాళ్లు, మునిగి ఉండే గుట్టల భుజాలు, నిండుగా ఉన్నప్పుడు మన కంటికి ఆనని ఒంపులు అన్నీ బయటికొస్తాయి. నీళ్లు పలచబడ్డ చోట కొంగలు, నీటికాకులు గుంపులుగా చేరతాయి. పొద్దున ఆరింటికి ఒక్కచోట కదలకుండా కూర్చుంటే లకుముకి పిట్ట చేపను కొట్టడం చూడొచ్చు.

పడవలు మాత్రం నీటిమట్టాన్ని, గాలిని బట్టి నడుస్తాయి. గది బుక్ చేసేటప్పుడే ఫోన్లో అడిగి తెలుసుకోండి. పిల్లలకు ముందే మాట ఇచ్చి అక్కడికి వెళ్లాక లేదంటే ఏడుస్తారు.

రోజంతా ఎలా గడపాలి?

గడియారాన్ని తిరగేయాలి. మే చివర్లో పొద్దు ఐదు నలభైకి అటూ ఇటూగా పొడుస్తుంది. ఐదింటికే లేచి టీ తాగి వంతెన మీదికి నడవండి. ఆ వేళకు నీళ్లు కదలవు, గుట్టల నీడ చెరువులో తలకిందులుగా స్పష్టంగా పడుతుంది. ఏడున్నర దాకా తిరిగి, టిఫిన్ తిని, తొమ్మిదికల్లా నీడకు చేరిపోండి. ఇక నాలుగున్నర దాకా బయట పని పెట్టుకోవద్దు.

ఈ మధ్య గంటలే అందరికీ విసుగు. పట్నంలో అలవాటైన వాళ్లకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. "వచ్చిందే రెండు రోజులు, నాలుగు చోట్లు చూడాలి కదా" అని పన్నెండింటికి కారు తీస్తారు. ఎండాకాలం ప్రయాణాలు పాడయ్యేది సరిగ్గా అక్కడే. మేము అష్టాచమ్మా పీట, చింతగింజలు తీసుకెళ్తాం. పెద్దవాళ్లు పాత సంగతులు చెబుతారు. మా అమ్మ చిన్నప్పుడు ఎడ్లబండి కట్టుకుని మేడారం జాతరకు వెళ్లిన కథ మొత్తం నేను విన్నది అలాంటి ఒక మధ్యాహ్నమే. ఇంట్లో ఉంటే ఎవరి ఫోను వాళ్లది.

ఐదున్నరకు మళ్లీ బయటికి. ఆరు నలభై ఐదు ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. చీకటి పడ్డాక కట్ట మీదికి, అడవి వైపు వెళ్లకుండా రిసార్టు ఆవరణలోనే ఉండండి. వెలుతురు తక్కువ కాబట్టి చుక్కలు బాగా కనిపిస్తాయి.

వేలాడే వంతెన మీద పిల్లలకు భయమేస్తుందా?

కొంచెం ఊగుతుంది. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు, వంతెన ఊపే కుర్రాళ్లు గుంపుగా వస్తుంటే వాళ్లు దాటేదాకా ఆగండి. అంతే.

రామప్ప గుడి ఎప్పుడు చూడాలి?

లక్నవరం నుంచి ఆ గుడి ఉన్న పాలంపేట గంట లోపు ప్రయాణం. ఎండాకాలంలో ఈ గుడిని పొద్దున్నే చూడాలి, లేదా సాయంత్రం ఐదు తర్వాత. ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. నాలుగేళ్ల కింద మే నెలలో పదకొండున్నరకు వెళ్లాం. చెప్పులు బయట విడవాలి. ఏడేళ్ల మా అమ్మాయి నంది విగ్రహాన్ని చూడాలని బండల మీద పరుగెత్తింది. అటు చివరికి చేరేలోపే కాళ్లు కాలి ఏడుపు. ఎత్తుకుని లోపలికి తెచ్చేసరికి అరికాళ్లు ఎర్రగా కందిపోయాయి, సాయంత్రానికి బొబ్బలు లేచాయి. మిగిలిన రోజున్నర దాన్ని ఎత్తుకునే తిరిగాం. ఆ వేళ ఎంచుకున్నది నేనే, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి సంచిలో అందరికీ తలో జత మందపాటి మేజోళ్లు ఉంటాయి.

వేళ కుదిరితే మాత్రం ఇంత అందమైన చోటు చుట్టుపక్కల ఇంకొకటి లేదు. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడిని నిలబెట్టాడు. గుడి ఎర్ర ఇసుకరాయి, లోపలి స్తంభాలు, చూరు కింద ఒరిగి నిలిచిన మదనికలు అనే స్త్రీ శిల్పాలు నల్లరాయి. పొద్దుటి ఏటవాలు వెలుతురు ఆ నల్లరాతి మీద పడినప్పుడు నగల మీది చెక్కడం కూడా లెక్కపెట్టొచ్చు. మధ్యాహ్నపు వెలుతురులో అదంతా చదునుగా కనిపిస్తుంది. పునాది కింద ఇసుక నింపారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఇక్కడి నాట్య శిల్పాలనే ఆధారం చేసుకున్నారు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దేవుడి పేరుతో కాకుండా చెక్కిన శిల్పి పేరుతో పిలుచుకునే గుడి కావడం వల్ల మా ఇంట్లో అందరికీ దీని మీద ఇంకాస్త ప్రేమ.

పక్కనే రామప్ప చెరువు. గుడి చూసి వెంటనే కారెక్కకుండా చెరువు కట్ట దాకా వెళ్లండి. గుడికి, చెరువుకు, పొలాలకు కాకతీయులు ఒకే ఆలోచనతో చోటు ఎంచుకున్నారని కట్ట మీద నిలబడితే తెలుస్తుంది. ఓపిక ఉంటే దగ్గర్లోనే గణపురం కోటగుళ్లు చూడొచ్చు. ఒకే ప్రాకారంలో చిన్నా పెద్దా కలిపి ఇరవైకి పైగా గుళ్లు, సగం కూలినా నిశ్శబ్దంగా, నిండుగా ఉంటాయి.

బొగత జలపాతం కూడా చూసి రావచ్చా?

మేలో వద్దు. వాజేడు దాకా అంత దూరం ఎండలో వెళ్తే సన్నటి ధార, బండలు కనిపిస్తాయి. జూలై నుంచి అక్టోబర్ మధ్య దానికోసమే వేరుగా వెళ్లండి.

లక్నవరానికి బదులు పాకాల వెళ్తే?

జనం వద్దనుకుంటే పాకాలే మేలు. నర్సంపేట దాటాక, వరంగల్ నుంచి 50 కిలోమీటర్లు. ఇదీ గణపతిదేవుడి కాలపు చెరువే. చుట్టూ అభయారణ్యం, మున్నేరు పుట్టేది ఈ నీళ్ల నుంచే. కట్ట మీద చెట్ల నీడ దట్టంగా ఉంటుంది కాబట్టి పొద్దున పదింటి దాకా కూడా కూర్చోవచ్చు. వేలాడే వంతెనలు, దీవుల సందడి ఉండవు. రాత్రి ఉండకుండా, తెల్లారగానే చేరి ఎండ ముదరకముందే ఇంటికి తిరిగొచ్చే వాళ్లకు ఇదే సరైనది. మా నాన్నను అడిగితే లక్నవరం కంటే పాకాలకే ఓటు వేస్తాడు.

అడవిలోకి నడిచి వెళ్లొచ్చా?

దారి వదిలి వెళ్లొద్దు. అటవీ శాఖ అనుమతి లేని చోట అసలే వద్దు. ఎండాకాలంలో అడవి ఖాళీగా కనిపిస్తుంది గానీ ఖాళీగా ఉండదు. ఏప్రిల్, మేలలో కోయ కుటుంబాలు తెల్లవారకముందే బీడీలు చుట్టే తునికాకు కోతకు వెళ్తాయి. ఆ నెల కూలి వాళ్ల ఏడాది ఖర్చుల్లో పెద్ద భాగం. వాళ్లు కట్టలు కట్టే చోట అడ్డం నిలబడి ఫొటోలు తీయొద్దు. మాట్లాడాలనుకుంటే ముందు నమస్తే చెప్పి పలకరించండి. ఇప్పపువ్వు, తునికి పండ్ల కోసం ఎలుగుబంట్లు కూడా తిరిగే కాలం ఇది.

అన్నిటికంటే ముఖ్యం నిప్పు. రాలిన ఆకు కాగితంలా ఎండి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. చెరువు ఒడ్డున పొయ్యి పెట్టి చికెన్ కాల్చుకుందామనే వాళ్లకు మా ఇంట్లో అందరం గట్టిగానే అడ్డుపడతాం.

చెరువులో ఈత కొట్టొచ్చా?

వద్దు. ఈత వచ్చినా వద్దు. ఈ ఒక్క విషయంలో బతిమాలుకుంటాను. ఎండాకాలంలో నీళ్లు తక్కువ కదా, ప్రమాదం ఉండదని అనుకుంటారు. నిజం దానికి తిరగబడి ఉంటుంది. ఒడ్డు దగ్గర మోకాలి లోతు ఉండి, రెండడుగులు ముందుకేస్తే పాత వాగు పాయ తగులుతుంది. మామూలు ఊరి చెరువుల్లో అయితే పూడిక మట్టి తవ్వుకుపోయిన గుంతలు. పైకి నీళ్లన్నీ ఒకే రంగులో ఉంటాయి, గుంత తెలియదు. అడుగున మెత్తటి ఒండ్రు, కాలు దిగబడితే పైకి రాదు. తూము దగ్గర నీటి లాగుడు వేరు. ప్రతి ఎండాకాలం పేపర్లో చెరువులో మునిగిన పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోవడమే అందులో ఎక్కువ.

పిల్లలు నీళ్ల కోసం గోల చేస్తే ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో పోయండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బెల్టులన్నీ బిగించాకే కదలనివ్వండి. ఉక్కగా ఉందని మధ్యలో తీసేయొద్దు.

సాయంత్రం గాలివాన వస్తే?

మేలో అది మామూలే. పగలంతా ఉక్కపోసి, నాలుగు దాటాక ఒక దిక్కున ఆకాశం నల్లబడి, ఉన్నట్టుండి దుమ్ముతో గాలి లేస్తుంది. మొదటి ఉరుము వినగానే నీళ్ల మీద నుంచి, వంతెన మీద నుంచి దిగి పక్కా కట్టడంలోకి వెళ్లండి. ఒంటరి చెట్టు కిందికి మాత్రం పోవద్దు, పిడుగులు పడేది అక్కడే. మామిడి రాలినా, కరెంటు పోయినా, అరగంట తర్వాత వచ్చే ఆ మట్టి వాసన కోసం నేను ఏటా ఎదురు చూస్తాను.

పెద్దవాళ్లను, చిన్నపిల్లలను తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, ఒకే చోట ఉండే ప్రయాణం కాబట్టి వాళ్లకే ఇది ఎక్కువ నప్పుతుంది. ఏడాది లోపు పసిబిడ్డలతో మాత్రం జూన్ వానల దాకా ఆగడం మంచిది. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు బయల్దేరే ముందు డాక్టరును ఒక మాట అడగాలి.

దాహం వేసేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్లు తాగించాలి. ఓఆర్ఎస్ పొట్లాలు ఓ అరడజను సంచిలో ఉండాలి. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరాలి. మాట తడబడినా, సోయి తప్పుతున్నా అది వడదెబ్బ. నోట్లో నీళ్లు పోయకుండా 108కి ఫోన్ చేయండి, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూనే ఉండండి. అడవి దారిలో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, ఎక్కడ ఉందో ముందే చూసి పెట్టుకోవాలి.

తిండి సంగతి?

చేపల పులుసు దొరికితే వదలొద్దు. బొచ్చె, రవ్వ తరచుగా ఉంటాయి, కొర్రమీను అదృష్టం. మేము మాత్రం మధ్యాహ్నానికి తేలికగానే తింటాం. జొన్న అంబలి, మజ్జిగ, మామిడికాయ ముక్కలు. ఇంటి నుంచి సర్వపిండి చేసుకుని వెళ్తే రెండో రోజు దాకా ఉంటుంది. దారిలో తాటిముంజలు అమ్ముతారు, పొట్టుతోనే తినండి. కోతులు చాలా ఎక్కువ, సంచి తెరిచి పెట్టొద్దు. ప్లాస్టిక్ సీసాల బదులు పెద్ద క్యాన్ తీసుకెళ్తే ఒడ్డున పారేయాల్సిన చెత్తే ఉండదు.

కారు లేదు, బస్సులో వెళ్లొచ్చా?

హన్మకొండ నుంచి ఏటూరునాగారం వైపు ఆర్టీసీ బస్సులు వెళ్తాయి. చల్వాయిలో దిగి అక్కడి నుంచి ఆటో. తిరుగు ఆటో డ్రైవరుతో వేళ, కిరాయి ముందే మాట్లాడుకోండి. రైల్లో వచ్చేవాళ్లు కాజీపేటలోనో, వరంగల్లోనో దిగాలి.

ఊరు దాటి పోలేం, వరంగల్లోనే ఏం చూడొచ్చు?

తెల్లవారుజామున భద్రకాళి చెరువు కట్ట. అమ్మవారి గుడి గుట్ట నీళ్ల పక్కనే, కట్ట మీద నడక దారి. అక్కడి నుంచి ఎండ ఎక్కకముందే వేయి స్తంభాల గుడి, 1163లో రుద్రదేవుడు కట్టించింది. సాయంత్రం ఖిలా వరంగల్. తోరణాలు, ఖుష్ మహల్ చూశాక చాలామంది వెనక్కి తిరుగుతారు. అలా తిరగకండి. ఓరుగల్లు అనే పేరుకు మూలమైన ఏకశిల గుట్ట ఎక్కండి. కింద చిన్న చెరువు, చుట్టూ రాతికోట, దాని అవతల మట్టికోట, మధ్యలో ఊరి పొలాలు, ఎర్రటి పొద్దు. పెళ్లయి వేరే ఊరు వెళ్లిన మా చెల్లె వచ్చిన ప్రతిసారీ ముందు అడిగేది ఈ గుట్టే.

కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు దగ్గర్లో ఏమున్నాయి?

కరీంనగర్ వాళ్లకు దిగువ మానేరు. 24 టీఎంసీల జలాశయం, సాయంత్రం కట్ట మీద గాలి హాయిగా ఉంటుంది. 2023లో తెరిచిన కేబుల్ వంతెన, ఎలగందుల కోట కలిపి ఒక సాయంత్రం, ఒక పొద్దున పెట్టుకోవచ్చు. నిజామాబాద్ వాళ్లకు అలీసాగర్. 1931లో నిజాం కాలంలో కట్టిన జలాశయం, తోట, గుట్ట మీద అతిథి గృహం, జింకల పార్కు. చిన్నపిల్లలున్న ఇంటికి అదే సులువు.

మేలో వెళ్లాలా, జూన్‌లోనా?

సెలవులు ఎప్పుడు ఉంటే అప్పుడు. మీ చేతిలో ఉంటే మాత్రం మృగశిర కార్తె ముందు వారం చూసుకోండి. ఒకటి రెండు జల్లులు పడి దుమ్ము అణిగి ఉంటుంది, బడులు ఇంకా తెరవరు. మేము పోయినప్పుడల్లా తిరుగు దారిలో ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి, మృగశిర నాడు చేపలు తినే ఆనవాయితీ కోసం జూన్ ఎనిమిదో తేదీ పొద్దున్నే చేపల మార్కెట్లో వరసలో నిలబడేలా ఇంటికి చేరుకుంటాం.